ముఖం తెలిసిన చోట ఓటు దాచడం

2018 డిసెంబరు 11న తెలంగాణ శాసనసభ ఓట్లు లెక్కపెట్టినప్పుడు వికారాబాద్, తాండూరు రెండుచోట్లా పోటీ నువ్వా నేనా అన్నట్టు సాగింది. వికారాబాద్‌లో టీఆర్ఎస్ గెలిచింది, తాండూరులో కాంగ్రెస్. రెండింటిలోనూ ఆధిక్యం మూడు వేలకు అటూ ఇటూగానే. తాండూరులో ఓడిపోయింది సాక్షాత్తూ అప్పటి రవాణా మంత్రి. వికారాబాద్‌లో ఓడిపోయిన కాంగ్రెస్ అభ్యర్థి హైకోర్టు మెట్లెక్కారు.

ఎన్నిక చెల్లదని పిటిషన్ వేయడానికి చట్టం 45 రోజుల గడువిస్తుంది. అన్నాళ్లూ ఈవీఎంలు ఓట్లతో సహా స్ట్రాంగ్‌రూమ్‌లో సీలు మీదే ఉండాలి. పిటిషన్ పడిందంటే కోర్టు చెప్పేదాకా వాటి జోలికి పోకూడదు. కానీ లోక్‌సభ ఎన్నికలు తరుముకొస్తున్నాయి, యంత్రాలు సిద్ధం చేసుకోవాలి. ఆ ఏర్పాట్లలో వికారాబాద్ యంత్రాల సీళ్లు తెరిచారు. 2019 ఫిబ్రవరిలో ఎన్నికల సంఘం అప్పటి జిల్లా కలెక్టరును సస్పెండ్ చేయించింది. ఓట్లు మారాయని తేలడంవల్ల తీసుకున్న చర్య కాదిది. తీయకూడని సమయంలో సీలు తీసినందుకు.

అంత చిన్న తప్పుకు అంత పెద్ద శిక్షా అనిపించవచ్చు. ఎన్నిక పనేమిటో ఆలోచిస్తే అలా అనిపించదు. గెలిచినవాడికి రుజువులతో పని లేదు, అంకె తనవైపే ఉంది. రుజువు కావలసింది ఓడినవాడికి. అతను కోర్టుకు వెళ్తే న్యాయమూర్తి ముందు పెట్టడానికి ఏదో ఒకటి చెక్కుచెదరకుండా మిగలాలి. సీలు తీశాక యంత్రంలో అదే అంకె ఉన్నా, అది నిన్నటి అంకేనని చెప్పగలిగేది తీసినవాళ్లు మాత్రమే. అంటే ఎవరిమీద అనుమానమో వాళ్ల మాటే ఆధారమవుతుంది.

సీలు మీద ఇంత భారం ఎందుకు పడిందో చూపించింది ఒక హైదరాబాదీ. హరిప్రసాద్ అనే ఇంజినీరు, మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన రాప్ గోంగ్రైప్, మరికొందరు కలిసి 2010లో ఒక అసలు ఈవీఎంను విప్పి చూశారు. యంత్రం చేతికి దొరికితే ఏం చేయవచ్చో రెండు రకాలుగా చేసి చూపించారు. ఒకటి, అంకెలు చూపే బోర్డు తీసి అచ్చం అలాంటిదే మరొకటి పెట్టడం. అది బ్లూటూత్‌లో అందిన సంకేతాన్నిబట్టి అబద్ధపు అంకెలు చూపిస్తుంది. రెండోది, పోలింగుకూ లెక్కింపుకూ మధ్య ఓట్లు దాచుకున్న మెమరీ చిప్ మీద ఒక క్లిప్పు తగిలించి ఓట్లు తారుమారు చేయడం. అధికారులు చెప్పిన జవాబు ఒక్కటే: యంత్రం మీ చేతికి చిక్కదు, సీళ్లుంటాయి, కాపలా ఉంటుంది. ఆ ఏడాది ఆగస్టులో ఆ యంత్రం ఎక్కడినుంచి వచ్చిందంటూ హరిప్రసాద్‌నే అరెస్టు చేశారు. లోపం చూపించినవాణ్ణి పట్టుకుపోవడం భద్రతాశాస్త్రం దృష్టిలో శుద్ధ దండగ పని. లోపం ఎక్కడికీ పోదు, రెండోవాడు చెప్పడం మానేస్తాడు, అంతే. ఆ తర్వాత 2013లో, ఓటు కాగితం మీద అచ్చయి ఏడు సెకన్లు అద్దంలోంచి కనిపించే వీవీప్యాట్ వచ్చింది.

ఇదంతా లక్షల ఓటర్ల నియోజకవర్గాల సంగతి. ఈ అధ్యాయం చిన్న సమూహాల గురించి. పంచాయతీ వార్డు, సహకార సంఘం, మహిళా సంఘాల సమాఖ్య, కాలనీ సంక్షేమ సంఘం, తాండూరు నాపరాయి వ్యాపారుల సంఘం లాంటివి. పెద్ద ఎన్నికకు కుట్టిన చొక్కాను చేతులు కత్తిరించి పిల్లాడికి తొడిగినట్టు, పెద్దవాటి కోసం కట్టిన వ్యవస్థను కాస్త కుదించి వీటికి ఇస్తే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. చిన్నచోట కష్టాలు తలకిందులవుతాయి.

లెక్క వేసి చూద్దాం. 2018 పంచాయతీరాజ్ చట్టం 500 జనాభా దాటిన తండాలను పంచాయతీలుగా చేసింది. రాష్ట్రంలో పంచాయతీల సంఖ్య 12 వేలు దాటిపోయింది. బషీరాబాద్ వైపో, పెద్దేముల్ వైపో అలాంటి తండా ఒకటి ఊహించుకోండి. పిల్లలను తీసేస్తే 350 ఓట్లు. ఎనిమిది వార్డులనుకుంటే వార్డుకు 40 పైచిలుకు. పదిమంది పుణెకో ముంబయికో హైదరాబాదుకో కూలికి వెళ్లారు. పడిన ఓట్లు 34. ఫలితం 19–15. ఓడిన అభ్యర్థి ముందురోజు రాత్రి ఇంటింటికీ తిరిగి ఒట్టు వేయించుకున్నది 21 మంది చేత. ఆరుగురు మాట తప్పారు. ఆ ఆరుగురెవరో కనిపెట్టడానికి అతనికి కంప్యూటరు అక్కర్లేదు. తన ఇంటివాళ్లను, బావమరుదులను పక్కనపెడితే మిగిలేది ఏడెనిమిది గడపలు. పంచాయతీ ఎన్నికలయ్యాక ఓడినవాళ్లు పంచిన డబ్బు వెనక్కి ఇమ్మంటూ ఇళ్లమీదికి వెళ్లిన వార్తలు ప్రతిసారీ పత్రికల్లో వస్తూనే ఉంటాయి. ఆ కోపం వెనక ఉన్న గణితం ఇదే.

ఇక్కడ ఎవరూ మోసం చేయలేదు. పెట్టె తెరవలేదు, కాగితం మార్చలేదు. ఫలితమే గుట్టు విప్పింది. వార్డు మొత్తం 34–0 వచ్చిందనుకోండి, ప్రతి ఒక్కరి ఓటూ బట్టబయలే. ప్రపంచంలో ఎంత గొప్ప సంకేతలిపి తెచ్చినా ఈ రంధ్రం పూడ్చలేదు, ఎందుకంటే ఫలితం ప్రకటించక తప్పదు.

పెద్ద ఎన్నికల్లోనూ ఈ బెడద ఉంది. కాగితం రోజుల్లో ఏ ఊరు ఎటు వేసిందో తెలియకుండా అనేక బూత్‌ల బ్యాలెట్లు కలిపి లెక్కపెట్టే వీలుండేది. ఈవీఎం వచ్చాక ప్రతి బూత్ లెక్కా విడిగా బయటపడుతోంది. 14 యంత్రాల ఓట్లు ఒకేసారి కలిపి మొత్తం మాత్రమే చూపే టోటలైజర్ అనే పరికరాన్ని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో దాన్ని సమర్థించింది. కేంద్రం ఒప్పుకోలేదు. నా దృష్టిలో ఈ దేశంలో చేయదగ్గ ఎన్నికల సంస్కరణల్లో ఇంత చవకైనది, ఇంత మేలు చేసేది మరొకటి లేదు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. పెద్ద ఎన్నికలో తల ప్రాణం తోకకు తెచ్చే పని ఓటరును గుర్తించడం: దొంగ ఓట్లు, చనిపోయినవాళ్ల ఓట్లు, ఇద్దరికి ఒకే పేరు. తండాలో ఆ సమస్యే లేదు. గడప దాటి వచ్చినవాళ్లెవరో, ఎవరి కోడలో, ఎప్పుడు ఊరొచ్చారో ఏజెంట్లుగా కూర్చున్న ఇద్దరికీ తెలుసు. వేరేవాడొచ్చి ఓటేస్తానంటే వాళ్లే లేచి నిలబడతారు. చిన్నచోట ముఖం గుర్తుపట్టడానికి యంత్రం అక్కర్లేదు. ఓటు దాచడానికే ఏదైనా కావాలి.

మన ప్రయోగాలు సరిగ్గా దీనికి ఎదురు దిక్కున నడిచాయి. 2020 జనవరి మున్సిపల్ ఎన్నికల్లో తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘం మేడ్చల్ జిల్లా కొంపల్లిలో పది పోలింగ్ కేంద్రాల్లో ముఖాన్ని గుర్తించే యాప్ వాడి చూసింది. 2021 అక్టోబరులో ఖమ్మంలో ఇంకా పెద్ద అడుగు వేసింది. సెల్‌ఫోన్‌లో ఓటు. రాష్ట్ర ఐటీ శాఖ, కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ కలిసి యాప్ తయారుచేశాయి. అప్పటి ఐఐటీ భిలాయ్ డైరెక్టర్ రజత్ మూనా వంటి నిపుణులు సాంకేతిక సలహా ఇచ్చారు. 8 నుంచి 18వ తేదీ దాకా నమోదు, 20న ఉత్తుత్తి ఓటింగ్. ఆధార్‌తో పేరు సరిచూడటం, ఫోన్ ముందున్నది ఫొటో కాదు, బతికున్న మనిషేనని తేల్చుకోవడం, ఓటరు కార్డు బొమ్మతో ముఖం పోల్చడం అని మూడు వడపోతలు పెట్టారు. ఓట్లు బ్లాక్‌చెయిన్‌లో దాచారు. దివ్యాంగులు, వృద్ధులు, జబ్బుపడినవాళ్లు, ఎన్నికల విధుల్లో ఉన్నవాళ్ల కోసమని ఉద్దేశం చెప్పారు. అది మంచి ఉద్దేశమే. అసలు ఎన్నికకు వాడకముందు ఉత్తుత్తి ఎన్నిక పెట్టడం కూడా మెచ్చుకోవలసిందే.

కానీ మూడు వడపోతలూ అడిగేది ఒకటే ప్రశ్న: నువ్వెవరు? ఆ ఓటు వేసేటప్పుడు పక్కన ఎవరున్నారని ఏదీ అడగదు. పోలింగ్ బూత్‌లోని అట్టముక్క చాటు చేసే పని ఫోన్ చేయలేదు. ఇంట్లో మంచం మీద కూర్చుని ఓటేసే ముసలమ్మ పక్కన కొడుకుంటాడు, కొడుకు పక్కన అభ్యర్థి మనిషుంటాడు. ఎస్తోనియాలో 2005 నుంచి ఇంటర్నెట్ ఓటు ఉంది. 2023 పార్లమెంటు ఎన్నికల్లో సగానికి పైగా ఓట్లు అలాగే పడ్డాయి. అక్కడ దీనికి ఒక ఉపాయం ఆలోచించారు. ఎన్నిసార్లయినా మళ్లీ ఓటేయవచ్చు, చివరిదే లెక్క. బెదిరించినవాడు వెళ్లిపోయాక మార్చుకోవచ్చు. తెలివైన ఏర్పాటే. కాకపోతే బెదిరించినవాడు వెళ్లిపోతాడన్న నమ్మకం మీద నిలబడింది. ఒకే వాకిట్లో ఉండేవాడు ఎక్కడికి వెళ్తాడు?

బ్లాక్‌చెయిన్ గురించి ఒక్క మాట, ఎక్కువ అనవసరం. రాసిన పద్దు తర్వాత చెరపకుండా అది కాపాడుతుంది. ఫోన్‌లో దూరిన దొంగ ప్రోగ్రాం మీరు నొక్కిన గుర్తు బదులు వేరే గుర్తు పంపితే, ఆ తప్పు ఓటును కూడా అంతే భద్రంగా కాపాడుతుంది. 2019లో మాస్కో నగర ఎన్నికకు కట్టిన బ్లాక్‌చెయిన్ వ్యవస్థలో తాళం అంకెలు మరీ చిన్నవని, మామూలు కంప్యూటరుతో నిమిషాల్లో విప్పవచ్చని ఫ్రెంచి పరిశోధకుడు పియెరిక్ గోద్రీ పోలింగుకు ముందే చూపించాడు.

గణితం నిజంగా ఆదుకునేచోటు ఇంకొకటుంది. తాండూరులో పాలిషింగ్ యూనిట్లు నడిపే ఐదుగురు ఒక సంఘం పెట్టుకుని, ఒక తీర్మానం మీద ఓటు వేస్తున్నారనుకుందాం. అవునంటే 1, కాదంటే 0. ఎవరి ఓటూ ఎవరికీ తెలియకూడదు, మొత్తం మాత్రం తేలాలి. ముగ్గురు లెక్కగాళ్లను పెట్టారు. మొదటి సభ్యుడి ఓటు 1. అతను దాన్ని మూడు ముక్కలు చేస్తాడు: 412, 385, 204. కలిపితే 1001, వెయ్యి తీసేస్తే 1. మొదటి రెండు అంకెలూ తోచినవి, మూడోది లెక్క సరిపోయేలా ఎంచుకున్నది. ఒక్కొక్క ముక్కా ఒక్కొక్క లెక్కగాడికి ఇస్తాడు. 412 చూసినవాడికి ఏం తెలుస్తుంది? ఏమీ తెలియదు. ఇద్దరు కూడబలుక్కున్నా తెలియదు, మూడో అంకె ఏదైనా కావచ్చు. మిగతా నలుగురూ అలాగే చేస్తారు. ప్రతి లెక్కగాడూ తనకందిన ఐదు అంకెలు కూడి వెయ్యిలు తీసేసి మిగిలింది బల్లమీద పెడతాడు: 297, 943, 763. మూడూ కలిపితే 2003. వెయ్యిలు తీసేస్తే 3. ముగ్గురు అవునన్నారు. ఆ ముగ్గురెవరో బల్ల చుట్టూ ఉన్న ఎవరికీ తెలియదు.

కాగితం, పెన్సిలుతో బడిపిల్లలు ఆడుకోగల ఆట ఇది. ఆధునిక ఎన్నికల సంకేతలిపిలో చాలాభాగం ఇలాంటి ఆలోచనల మీదే కట్టారు. కానీ ఇక్కడ రెండు గోతులున్నాయి. ఐదుగురిలో ఒకడు 1 బదులు 50ని ముక్కలు చేశాడనుకోండి. ముక్కలు చూసి ఎవరూ పట్టుకోలేరు, మొత్తం మాత్రం చెడుతుంది. మరీ 50 అయితే దొరికిపోతాడు, 2 వేస్తే దొరకడు. అందుకే ఓటుతోపాటు ఒక రుజువు జత చేయాలి: ఇందులో ఉన్నది 0 లేదా 1, అదేదో మాత్రం చెప్పను. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, 1980లనుంచి ఇలాంటి రుజువులు కట్టడం గణితజ్ఞులకు వచ్చు.

రెండో గొయ్యి మనుషుల్లో ఉంది. ముగ్గురిలో ఒక్క లెక్కగాడు రాకపోయినా ఫలితం శాశ్వతంగా మూతపడిపోతుంది. దీనికి విరుగుడు సంకేతలిపి శాస్త్రజ్ఞుడు ఆది షమీర్ 1979లోనే చెప్పాడు: ముగ్గురిలో ఏ ఇద్దరైనా విప్పగలిగేలా రహస్యాన్ని పంచవచ్చు. అప్పుడు ఇద్దరు కూడబలుక్కుంటే గుట్టు కూడా విప్పగలరు. ఏ ప్రమాదం చిన్నదో ఎంచుకోవాలి. ఈ ఎంపిక ఎంత ముఖ్యమో 2025లో ప్రపంచ సంకేతలిపి శాస్త్రజ్ఞుల సంఘమే అనుభవించింది. ఆ సంఘం 2010 నుంచి హీలియోస్ అనే బహిరంగ వ్యవస్థలో తన ఎన్నికలు జరుపుకుంటోంది. ఆ ఏడాది ముగ్గురు ధర్మకర్తల దగ్గరా తాళం ముక్కలున్నాయి, ముగ్గురూ కావాలి. ఒకరు తన ముక్క పోగొట్టుకున్నారు. ఓట్లన్నీ భద్రంగా ఉన్నాయి, ఎవరూ తెరవలేరు. ఎన్నిక మళ్లీ పెట్టారు, ఈసారి ఇద్దరు చాలునని. ఈ శాస్త్రాన్ని కనిపెట్టినవాళ్లకే ఇలా జరిగితే, మన సహకార సంఘం కార్యదర్శి పెన్‌డ్రైవ్ పోగొట్టుకోడని ఎవరు హామీ ఇస్తారు?

హీలియోస్‌లో మెచ్చుకోవలసిన అంశం మరొకటి ఉంది. యంత్రం నా ఓటును సరిగానే ముడివేసిందా అని ఓటరు నిలదీయవచ్చు. ముడి పడ్డాక, ఇంకా పంపకముందు, విప్పి చూపించమంటాడు. యంత్రం విప్పి చూపించాలి. విప్పిన ఓటు పనికిరాదు, మళ్లీ కొత్తది వేసుకోవాలి. ఎవరు ఎప్పుడు నిలదీస్తారో యంత్రానికి తెలియదు కాబట్టి పదేపదే మోసం చేస్తే ఎక్కడో ఒకచోట పట్టుబడుతుంది. సంకేతలిపి శాస్త్రజ్ఞుడు జోష్ బెనలో ఆలోచన ఇది. వెయ్యిమంది ఓటర్లున్నచోట యాభైమంది నిలదీసినా పెద్దయెత్తు మోసం దాగదు. 34 మంది ఉన్న వార్డులో? ఒక్కరూ నిలదీయకపోవచ్చు. మూడు ఓట్లు మారిస్తే ఫలితం తిరగబడే చోట ముగ్గురిని మాత్రమే మోసం చేయడం యంత్రానికి పెద్ద సాహసమేమీ కాదు. గణాంకాల బలం సంఖ్యలో ఉంటుంది, చిన్నచోట ఆ సంఖ్యే లేదు.

ఆ నిలదీసే ఓటరు ఎవరన్నది ఇంకో ప్రశ్న. 2009 మార్చి 3న జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం ఓటింగ్ యంత్రాల మీద ఇచ్చిన తీర్పు ఈ విషయంలో నాకు కొలబద్ద. ప్రత్యేక సాంకేతిక జ్ఞానం లేని పౌరుడు కూడా ఎన్నికలోని ముఖ్య దశలను తానే సరిచూసుకోగలగాలని, అలా వీల్లేని యంత్రాలు రాజ్యాంగానికి సరిపడవని ఆ కోర్టు అంది. తెలుగు, ఉర్దూ, కన్నడం, లంబాడీ నాలుగూ వినపడే తాండూరు ప్రాంతంలో ఆ పౌరుడు ఏజెంటుగా కూర్చునే ఎనిమిదో తరగతి చదివిన మనిషి. 0 లేదా 1 అనే రుజువులు, ముడి విప్పడాలు అతనికి నేర్పాలని కాదు నా వాదన. అవేవీ లేకుండానే అతను తృప్తిగా సంతకం పెట్టగలగాలి.

అందుకే పంచాయతీ వార్డు సంగతికొస్తే నా ఓటు కాగితానికే. 2019 జనవరిలోనూ 2025 డిసెంబరులోనూ తెలంగాణ పంచాయతీ ఎన్నికలు కాగితంతోనే జరిగాయి: సర్పంచికి గులాబీ రంగు బ్యాలెట్, వార్డు సభ్యుడికి తెలుపు. మధ్యాహ్నం ఒంటిగంటకు పోలింగ్ ముగుస్తుంది, రెండింటికి అక్కడే లెక్కింపు మొదలవుతుంది. వికారాబాద్‌లో గొడవ తెచ్చిన స్ట్రాంగ్‌రూమ్, సీలు, వారాల తరబడి కాపలా, వీటన్నిటినీ ఆ ఒక్క గంట ఎగరగొట్టేసింది. కాగితం తప్పులు చేయదని కాదు. 2020 డిసెంబరులో హైదరాబాదు ఓల్డ్ మలక్‌పేట డివిజన్‌లో సీపీఐ గుర్తుకు బదులు సీపీఎం గుర్తు అచ్చయింది. కానీ పోలింగ్ రోజే ఓటర్లు కనిపెట్టారు, రెండు రోజుల్లో మళ్లీ పోలింగ్ జరిగింది. అదే తప్పు ప్రోగ్రాంలో ఉండి ఉంటే కనిపెట్టేది ఎవరు?

యంత్రం తప్పనిసరి అయ్యేది ఓటర్లు ఒకచోట చేరలేని సంఘాలకు, పది ఊళ్లలో సభ్యులున్న సమాఖ్యలకు. అక్కడ కట్టేవాళ్లు ముందే చేయవలసిన పని ఒకటుంది. 2010లో అమెరికా రాజధాని వాషింగ్టన్ తన ఇంటర్నెట్ ఓటింగ్‌ను అసలు ఎన్నికకు ముందు ఎవరైనా వచ్చి పగలగొట్టండని బహిరంగంగా పిలిచింది. మన ఈవీఎంను విప్పిన హాల్డర్‌మన్ బృందమే 48 గంటల్లో లోపలికి దూరింది. ఓట్లన్నీ మార్చి, ఓటేసినవాళ్లకు తమ విశ్వవిద్యాలయం పాట వినపడేలా పెట్టింది. అధికారులు దాదాపు రెండు పనిదినాలు గమనించనే లేదు. నగరం ఆ వ్యవస్థను పక్కన పెట్టేసింది. ఎవరినీ అరెస్టు చేయలేదు. ఏ సంఘమైనా యాప్ కొనేముందు, కిందటిసారి ఓడిపోయిన ప్యానెల్‌కే కాస్త డబ్బిచ్చి, నిపుణులను తెచ్చుకుని పగలగొట్టుకోండని అప్పగించాలి. అంత పట్టుదలగా వెతికేవాళ్లు వేరే దొరకరు.

ఇక పుణెకు, ముంబయికి వెళ్లిన ఆ పదిమంది. వలస ఓటర్ల కోసం ఎన్నికల సంఘం 2023 జనవరిలో ఒక దూర ఓటింగ్ యంత్రం నమూనాను పార్టీలకు చూపించింది. ఒక్క బూత్‌నుంచి 72 నియోజకవర్గాల ఓట్లు తీసుకోగలదది. పార్టీల్లో చాలామటుకు ఒప్పుకోలేదు. శాసనసభకు ఎలాగో పనిచేయవచ్చు గానీ, పంచాయతీకి దించితే మన లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ముంబయి బూత్‌లో ఈ వార్డువాళ్లు ఇద్దరే ఓటేస్తారు. ఆ బూత్ లెక్కను విడిగా ప్రకటిస్తే ఇద్దరి గుట్టూ రట్టే. దూరపు ఓట్లను విడిగా తెరవకుండా ఊళ్లోవాటితో కలిపేయడం ఒక్కటే దారి. ముక్కల లెక్క చేయగలిగేది అదే, కాకపోతే అప్పుడు ఊళ్లో ఓట్లు కూడా ముక్కల్లోనే ఉండాలి. ఊళ్లో కాగితమే ఉంచుకుంటే, సైనికులకు ఇప్పుడు పంపుతున్నట్టు బ్యాలెట్‌ను ఆన్‌లైన్‌లో పంపి, అచ్చువేసి గుర్తు పెట్టిన కాగితాన్ని తపాలాలో తెప్పించుకోవాలి. అది ఊళ్లో బ్యాలెట్ కొలతలోనే, అదే రంగులో ఉండాలి. లెక్కింపు బల్ల దగ్గర పైకవరు మీది పేరును ఏజెంట్లకు చూపించి, లోపలి కవరులోని కాగితాన్ని మడత విప్పకుండా వార్డు పెట్టెలో వేయాలి. పెట్టె బాగా కుదిపాకే బల్లమీద కుమ్మరించాలి.